నవ్వుకి నిలబడ్డ రోజులు

ఫిబ్రవరి 3, సోమవారం

కొత్త మందు ట్రయల్‌కి సంతకాలయ్యాయి. ట్రయల్ డాక్టరమ్మ పాపం ఒరెక్సిన్ గురించి బొమ్మలు గీసి మరీ చెబుతోంది, మా ఆయన, లెక్కల మాస్టారు, రెండో బొమ్మ దగ్గరే కుర్చీలో ఒరిగిపోయారు. ఆవిడ నా వైపు చూసి, "పర్వాలేదండీ, ఇక్కడికొచ్చే వాళ్ళందరూ ఇంతే" అంది. నేను లేపలేదు. ఆ బొమ్మలు నాకు కొత్త కాదు. లాబ్‌లో రోజూ ఆ రెండు రిసెప్టర్లతోనే నా సంసారం. ఇంట్లో సంసారం కూడా వాటితోనే అని డాక్టరమ్మకి తెలియదు.

వచ్చేటప్పుడు బస్సులో మా అమ్మాయి పిట్ట అడిగింది, నాన్న బుర్రలో అసలేం పాడైందని. తొమ్మిదేళ్ళొచ్చాయి, ఇన్నాళ్ళూ దానికి ఎవరూ సరిగ్గా చెప్పలేదు. మెదడులో కొన్ని కణాలు పగలంతా 'మేలుకో, మేలుకో' అని కబురు పంపుతుంటాయనీ, ఆ కబురు పేరే ఒరెక్సిన్ అనీ, దాన్ని అందుకునే రిసెప్టర్లు రెండు రకాలనీ, మెలకువ ముఖ్యంగా రెండో దాని చేతిలో ఉందనీ చెప్పాను. పెళ్ళయిన రెండో ఏడు నాన్నకి జ్వరమొచ్చింది. ఆ తర్వాత కబురు పంపే కణాలు చచ్చిపోయాయి. అందుకునేవి మాత్రం నిక్షేపంగా ఉన్నాయి.

"అంటే ఇల్లుంది, పోస్టుమన్ లేడు."

అంతే అన్నాను. ఇప్పుడిచ్చే మాత్ర పోస్టుమన్‌లా వేషం వేసుకుని వెళ్ళి రెండో తలుపు కొడుతుంది.

"మరి నవ్వితే ఎందుకు పడిపోతారు?"

నిద్రలో ఒళ్ళు కదలకుండా పట్టి ఉంచే ఏర్పాటొకటి అందరికీ ఉంటుంది. కాపలా లేకపోయేసరికి అది గట్టిగా నవ్వినప్పుడల్లా పట్టపగలే దిగిపోతుంది. స్పృహ ఉంటుంది, అన్నీ వినిపిస్తుంటాయి, ఒళ్ళు మాత్రం గుడ్డపేలిక అయిపోతుంది. ఇదంతా చెప్పేసరికి మా స్టాపు దాటిపోయింది. మాస్టారు నా భుజం మీద గురకపెడుతున్నారు. మనిషిని లేపి, సంచులు మోసుకుని, వెనక్కి నడిచాం.

ఫిబ్రవరి 5, బుధవారం

మొదటి మాత్ర. చేదుగా ఉందట.

ఫిబ్రవరి 6, గురువారం

మాత్రలో మందుందో ఉత్త పిండుందో ఎవరికీ తెలియకూడదు. ఆయనకీ, నాకూ, డాక్టరమ్మకీ కూడా. ట్రయల్ అంటే అదే. నాకు తెలియదు. తెలియదనే రాసుకుంటున్నాను.

సాయంత్రం లాబ్ నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే ఆయన నన్ను కిందికీ పైకీ చూశారు. నా కుడి చేతికి గ్లవ్ అలాగే ఉంది. ఆ చేత్తోనే బస్సులో టికెట్ తీసుకున్నాను, కిటికీ ఊచ పట్టుకున్నాను, ఒకామె నా పక్కనుంచి లేచి వేరే సీట్లోకి పోతే ఎందుకా అనుకున్నాను.

"ఏమోయ్ సైంటిస్టుగారూ, నాడి చూసి వస్తున్నారా?" అని పగలబడి నవ్వారు.

పిట్ట దిండు తీసుకుని పరిగెత్తుకొచ్చింది. మా ఇంట్లో నవ్వు వినపడితే అది చేసే పని అదే. నడక రాగానే నేర్చుకుంది. ఆయన అలవాటు కొద్దీ గోడ పట్టుకున్నారు. దవడ జారలేదు, మోకాళ్ళు మడత పడలేదు. నవ్వడం అయిపోయింది, ఇంకా నిలబడే ఉన్నారు. ముగ్గురం ఆయన కాళ్ళ వైపే చూస్తున్నాం, అవి ఎవరివో అన్నట్టు.

నేను వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను.

ఫిబ్రవరి 12, బుధవారం

ఇదీ మా ఆయన అసలు మనిషి. మర్చిపోయాను. పెళ్ళిచూపుల్లో మా నాన్న గంభీరంగా "మీకు అలవాట్లేమైనా ఉన్నాయా?" అంటే, "లెక్కలండీ, మానలేకపోతున్నాను" అన్న మనిషి. పదేళ్ళ కిందట ఎనిమిదో తరగతి గదిలో పిల్లలేదో తుంటరి పని చేస్తే నవ్వి బల్ల మీదకి కూలిపోయారు. పిల్లలు జడుసుకున్నారు. స్కూలువాళ్ళు మర్యాదగానే పంపించేశారు. అప్పట్నుంచీ మా ఇంట్లో జోకులు బంద్. పిట్టకి స్కూల్లో ఏదైనా తమాషా జరిగితే వంటింట్లోకొచ్చి నా చెవిలో చెప్పి, మొహం సర్దుకుని హాల్లోకి వెళుతుంది. ఇన్నేళ్ళూ దీన్ని జాగ్రత్త అనుకున్నాం.

ఫిబ్రవరి 19, బుధవారం

లాబ్‌లో మా మందు, నలభై ఒకటో నంబరుది, కణాల మీద పోస్తే అవి కళ్ళు జిగేలుమనేలా వెలుగుతున్నాయి. ఎంత వెలిగితే రిసెప్టర్‌ని అంత బాగా కదిలించినట్టు. లాబ్ పెద్దసారు భుజం తట్టారు. నాకు సంతోషం రావడానికి కాస్త టైం పట్టింది. ఇంట్లో మా ఆయన్ని నిలబెడుతున్నది వేరే కంపెనీ మందు. మేం మూడేళ్ళుగా గింజుకుంటున్నది వాళ్ళు చేసేశారు. కుళ్ళుగా లేదా అంటే ఉంది. రోజూ పొద్దున్న ఆ కుళ్ళుతోనే వాళ్ళ మాత్ర చేతిలో పెట్టి నీళ్ళ గ్లాసు ఇస్తున్నాను.

ఫిబ్రవరి 24, సోమవారం

పాత స్కూలు హెడ్మిస్ట్రెస్‌గారు పిలిపించారు. లెక్కల టీచరమ్మ ప్రసవానికి వెళ్ళిందట. పరీక్షలయ్యేదాకా తొమ్మిదో తరగతి చూడమన్నారు. ఏప్రిల్ నెలాఖరు దాకా ఏ గొడవా లేకుండా నడిస్తే ఉద్యోగం మళ్ళీ ఇస్తానన్నారు. ఆయన ఇస్త్రీ చొక్కాలు మంచం మీద పరిచి పిట్టని ఎంచమన్నారు. అన్నీ వదులైపోయాయి, అయినా అదేదో సింహాసనం ఎక్కబోతున్నట్టు హడావుడి.

మార్చి 4, మంగళవారం

అరిచేతులు దురదగా ఉన్నాయట. సుద్దముక్క పొడి పడి ఉండదు. ఇన్నేళ్ళ తర్వాత కదా.

మార్చి 5, బుధవారం

నెల పరీక్ష. అన్నీ మామూలుగా ఉన్నాయని డాక్టరమ్మ ఫోన్ చేసింది. మళ్ళీ రక్తం తీసేది ఏప్రిల్ 2న.

మార్చి 8, శనివారం

సరిగ్గా తినడం లేదు. కూర కెలికి లేచిపోతున్నారు. ఒరెక్సిన్ అన్న పేరే ఆకలి నుంచి వచ్చింది. ఆ రిసెప్టర్‌ని కదిలిస్తే ఆకలి పెరగాలి, తగ్గకూడదు. ఎండలు ముదిరాయి, అందుకే అయుంటుంది.

సబ్బు మార్చాను.

మార్చి 11, మంగళవారం

మా నలభై ఒకటి పని అయిపోయింది. ఎలా అయిపోయిందో రాసుకుంటున్నాను.

లాబ్‌లో మేం వాడే కణాల్లో రిసెప్టర్లు కూరి కూరి పెట్టి ఉంటాయి. ఒక్కో కణంలో మెదడులో ఉండేదాని కన్నా ఎన్నో రెట్లు. అన్ని రిసెప్టర్లుంటే అందులో కొన్నిట్ని బలహీనంగా కదిలించినా చాలు, కణం మొత్తం వెలుగుతుంది. ఈ సంగతి మొదటి ఏడాది విద్యార్థికి కూడా పాఠంలో చెబుతాం. నేనే చెబుతాను. అయినా వెలుగు చూసేసరికి మతి పోయింది. నిన్న రిసెప్టర్లు తక్కువున్న కణాలు తెప్పించి వాటి మీద మా మందు పోశాను. మూడో వంతు కూడా వెలగలేదు. ఒరెక్సిన్ పోస్తే మాత్రం అవే కణాలు దివ్యంగా వెలిగాయి. కణాల్లో లోపం లేదు, మందులోనే దమ్ము లేదు.

మూడేళ్ళు. పెద్దసారుకి ఇంకా చెప్పలేదు.

ఇంటికొచ్చేసరికి ఆయన పిట్టకి భిన్నాలు చెబుతున్నారు, నిలబడి, చేతులూపుతూ. కనీసం వాళ్ళ మందు ఉంది కదా అనుకున్నాను. అది ఉంటే చాలు.

మార్చి 13, గురువారం

నల్ల కళ్ళద్దాలు కొనుక్కున్నారు. ఎండ పడటం లేదట. ఇంట్లో కూడా తియ్యరేం అంటే, "హీరోని ఇంట్లో చూసే అదృష్టం నీకుండొద్దా?" అన్నారు. పిట్ట కిందపడి దొర్లి నవ్వింది. దాని పళ్ళు అన్నీ ఒకేసారి కనపడటం ఈ నెలలోనే చూస్తున్నాను.

మార్చి 15, శనివారం

బాత్రూంలో ఆయన ఫ్లష్ చెయ్యడం మర్చిపోయారు. టీ డికాక్షన్ రంగు. నీళ్ళు సరిగ్గా తాగడం లేదు. రోజంతా గొంతు చించుకుంటారు, సీసా నింపిచ్చినా నిండుగానే తిరిగి తెస్తారు.

ఏప్రిల్ 2న ఎలాగూ రక్తం తీస్తారు.

మార్చి 17, సోమవారం

మా హాల్లో ట్యూబులైటు పాతది. దాని కింద అందరూ పచ్చగానే కనపడతారు. నేనూ అద్దంలో చూసుకున్నాను. పచ్చగానే ఉన్నాను.

మార్చి 18, మంగళవారం

ఏప్రిల్ 2న ఎలాగూ తీస్తారు.

మార్చి 20, గురువారం

పొద్దున్న పెద్దసారుకి కొత్త కణాల సంగతి చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. తర్వాత నెమ్మదిగా, "రిపోర్టులో పాత కణాల బొమ్మే పెడదాం అమ్మా. అబద్ధం కాదుగా అది. వెలిగిన మాట నిజమే కదా" అన్నారు. మంచి మనిషి. ఆయనా అలసిపోయారు. రిటైరయ్యేలోగా ఒక్క మందైనా మనిషి నోటిదాకా పోవాలని ఆయన కోరిక.

"వద్దు సార్. అవి మనం చూడాలనుకున్నది చూపించే కణాలు. కళ్ళముందు వేరేది కనపడుతున్నా వాటినే చూస్తూ కూర్చుంటే ఎవరి ప్రాణం మీదకో వస్తుంది" అన్నాను.

అనేసి కూర్చున్నాను. ఆయన ఏదో జవాబు చెబుతున్నారు, నాకు వినపడటం లేదు. లేచి మెట్ల దగ్గరకి వెళ్ళి డాక్టరమ్మకి ఫోన్ చేశాను. దురద, ఆకలి లేకపోవడం, మూత్రం రంగు, కళ్ళు. వరసగా చెప్పాను, ఎవరి గురించో చెప్పినట్టు. అవి కనపడితే వెంటనే చెప్పాలని సంతకం పెట్టిన రోజే ఆవిడ చెప్పింది. కాలేయం దెబ్బతింటే కనపడే గుర్తులు నాకు ఎవరూ చెప్పక్కర్లేదు కూడా.

"ఎప్పట్నుంచి అండీ?"

నిన్నటి నుంచి అన్నాను.

మార్చి 21, శుక్రవారం

మొదట డాక్టరమ్మ ఆయన కళ్ళద్దాలు తియ్యమంది. తీశారు. ఆస్పత్రి గదిలో పెద్ద కిటికీ, బోలెడు వెలుతురు, ట్యూబులైటు లేదు. అంత పచ్చదనం కళ్ళల్లో పెట్టుకుని ఈ మనిషి రోజూ నా ఎదురుగా కూర్చుని కాఫీ తాగాడు.

మధ్యాహ్నానికి రక్తం రిపోర్టు వచ్చింది. డాక్టరమ్మ అంకెలు చూపించింది, నేను చూసి చాలన్నాను. ఆవిడ ఆయన వైపు తిరిగి మళ్ళీ అడిగింది, ఎప్పట్నుంచి అని. నేను నోరు తెరిచేలోగా ఆయనే చెప్పారు.

"రెండు వారాల పైనే అయిందండీ. ఈవిడకి తెలియదు. కనపడకుండా దాచాను."

డాక్టరమ్మ నన్ను చూసింది. నేను నేల చూపులు చూస్తూ కూర్చున్నాను. ఆయన మాటని నేను సరిదిద్దలేదు.

ఇంకో ఊళ్ళో ఇద్దరికి ఇలాగే అయిందట. ఒకరి పరిస్థితి బాగాలేదు. ఈయన మూడో మనిషి. ఇక మందు అందరికీ ఆపేస్తున్నారు. ఆయనకి మాత్రం సమయానికే పట్టుకున్నామనీ, ఇంట్లో ఉండి రోజు విడిచి రోజు రక్తం చూపించుకుంటే కోలుకుంటారనీ చెప్పింది. సమయానికేనట. ఇంకో పన్నెండు రోజులు ఆగుదామనుకున్నదాన్ని నేను.

బయట వరండాలో ఇంకో పేషంటు, దర్జీ, మాత్రల డబ్బా తిరిగి ఇచ్చెయ్యడానికి వచ్చి కూర్చున్నాడు. ఈ నెలన్నరలో సూది ఒక్కసారి కూడా వేలికి గుచ్చుకోలేదని నిరుడెప్పటి సంగతో చెప్పినట్టు దూరంగా చెప్పాడు. ఎవరి వల్ల ఆపారో అతనికి తెలిసినట్టే ఉంది. తిట్టినా బాగుండేది. "ఇంతకీ సారుకి ప్రమాదమేం లేదు కదమ్మా?" అని అడిగాడు. లేదన్నాను. "అదే కావాలి" అని డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

బస్సులో కిటికీ పక్క ఆయన, పక్కన నేను, వెనక సీట్లో పిట్ట.

"నాకు తెలుసు" అన్నాను.

"నీకు తెలుసని నాకూ తెలుసు. ట్యూబులైటు మారుస్తానని షాపుకెళ్ళి ఉత్త చేతులతో వచ్చినప్పుడే తెలిసింది."

"మరి డాక్టరమ్మతో అలా ఎందుకన్నారు?"

"ఆవిడ నీ వైపు చూసిన చూపు నాకు నచ్చలేదు."

కాసేపయ్యాక ఆయనకి కోపం వచ్చింది. రావాల్సిందే. "ఏప్రిల్ దాకా ఆగితే నీ సొమ్మేం పోయేది? పరీక్షలైపోయేవి. పిల్లలకి త్రికోణమితి సగంలో ఉంది. వాళ్ళకేమని చెప్పను, సారుకి మళ్ళీ నిద్రొస్తోంది అనా?" అన్నారు. ముందు సీట్లో వాళ్ళు వెనక్కి తిరిగారు.

"చచ్చిపోతారు మీరు" అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను.

"బతికి పదేళ్ళు పడుకున్నా కదా" అన్నారు. నాకు ఆయన మీద జాలి లేదు ఆ క్షణంలో. నా మీద నాకే జాలి వేసింది, మళ్ళీ ఆ దిండ్లు, మళ్ళీ ఆ భుజాలు పట్టి లేపడాలు, మళ్ళీ ఆ మూగ ఇల్లు. రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ నిజం.

దిగేముందు ఆయనే అడిగారు, మందు ఒంట్లోంచి ఎప్పటికి పోతుందని. చివరి మాత్ర నిన్న పొద్దున వేసుకున్నది. మామూలుగా అయితే ఈపాటికి పోవాలి. కాలేయం దెబ్బతింది కాబట్టి మందు నెమ్మదిగా కరుగుతుంది, రేపు మధ్యాహ్నం దాకా ఉండొచ్చు అన్నాను. ఇలాంటి లెక్క ఏ పెళ్ళామూ వెయ్యకూడదు.

మార్చి 22, శనివారం

పొద్దున్న హెడ్మిస్ట్రెస్‌గారికి ఆయనే ఫోన్ చేశారు. ఏమన్నారో నాకు చెప్పలేదు. పెట్టేసి చాలాసేపు కిటికీ దగ్గర నిలబడ్డారు.

భోజనాలయ్యాక పిట్టని పిలిచారు. నిన్న బస్సు దిగినప్పటి నుంచి అది నా వెనకే తిరుగుతోంది, అన్నీ విని ఏమీ విననట్టు.

"ఇన్నేళ్ళూ అమ్మ చెవిలో చెప్పినవన్నీ ఇప్పుడు నాకు చెప్పు. ఒక్కటి కూడా దాచొద్దు."

అది నా వైపు చూసింది. చెప్పవే అన్నాను.

మొదట తడబడింది. దానికి జోకు పైకి చెప్పడం రాదు, చెవిలో చెప్పడమే వచ్చు. తర్వాత దారిలో పడింది. వాళ్ళ డ్రిల్లు మాస్టారు 'కదలకుండా నిలబడండి' అని అరిచి, కందిరీగ ముక్కు మీద వాలితే తనే గ్రౌండంతా పరిగెత్తిన సంగతి చెప్పింది. ఆయన కిటికీ ఊచ పట్టుకుని నవ్వారు, నిలబడే నవ్వారు. అమ్మ గ్లవ్ సంగతి మళ్ళీ చెప్పింది, ఈసారి బస్సులో లేచిపోయిన ఆవిడలా నడిచి చూపించింది. నవ్వారు. నేనూ నవ్వాను. పచ్చటి కళ్ళల్లోంచి ఆయనకి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

"ఇంకోటుంది" అంది. "కానీ అది నిద్ర మీద."

మా ఇంట్లో నిద్ర మీద జోకు వెయ్యడమా.

"చెప్పు" అన్నారాయన.

"ఒకాయన పొద్దున్నే లేవాలని అలారం గడియారం కొనుక్కున్నాడు. పెద్దది, గంటలున్నది. పొద్దున్న అది ఊరంతా లేచేలా మోగింది. ఆయన దుప్పటి తీసి లేచాడు. నిలబడ్డాడు. గడియారం దగ్గరికి వెళ్ళి..."

అక్కడే ఆయనకి నవ్వు ముంచుకొచ్చింది. చివర వినకముందే. ముందు దవడ జారింది. అది నాకు తెలిసిన జారడం. తర్వాత మెడ, తర్వాత మోకాళ్ళు. నేను చేతులు పట్టుకునేలోగా పిట్ట దిండు తెచ్చేసింది, తల కింద పెట్టేసింది. ఆయన కిటికీ కింద గచ్చు మీద పడి ఉన్నారు. నోరు సగం తెరుచుకుని ఉంది, కళ్ళు మూతపడ్డాయి, ఒంట్లో ఎక్కడా కదలిక లేదు. మందు అయిపోయింది.

ఇల్లు మళ్ళీ ఎప్పటిలా అయింది. పిట్ట గోడకి ఆనుకుని నిలబడింది, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని. జోకు దాని నోట్లోనే ఆగిపోయింది. అది ఇలాగే పెరిగిందని, ప్రతిసారీ ఇలాగే మధ్యలో ఆపుకుని, తనే నాన్నని పడేసినట్టు నిలబడిందని నాకు అప్పుడు కనపడింది. తొమ్మిదేళ్ళు మేం దాన్ని నిలబెట్టింది అక్కడే.

"చెప్పవే" అన్నాను. "ఆయన వింటున్నారు. అన్నీ వినపడతాయి."

"పడిపోయారుగా."

"పడిపోతే పడిపోయారు. జోకు పూర్తి చెయ్యి."

అది నెమ్మదిగా వచ్చి ఆయన పక్కన గచ్చు మీద బోర్లా పడుకుంది. ఆయన చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది.

"గడియారం దగ్గరికి వెళ్ళి, 'కాస్త నెమ్మదిగా మోగవే, లోపల మనిషి పడుకుని ఉన్నాడు, కనపడటం లేదూ?' అని తిట్టి, మళ్ళీ వెళ్ళి పడుకున్నాడు."

ఆయన నవ్వలేదు. నవ్వలేరు. రెప్పలు మాత్రం టపటపా కొట్టుకున్నాయి, ముక్కులోంచి చిన్న గాలి వచ్చింది. పిట్ట దాన్ని చూసి తనే కిచకిచా నవ్వడం మొదలుపెట్టింది. నేనూ ఆ పక్కనే కూలబడ్డాను. ఒళ్ళంతా నొప్పులు. ఎన్నాళ్ళ నుంచి నిలబడి ఉన్నానో ఏమో.

కాసేపటికి ఆయన వేళ్ళు కదిలాయి, తర్వాత పెదాలు. మోచేతి మీద లేవబోతూ, మాట ఇంకా ముద్దగా ఉండగానే, "ఇంకోటి చెప్పమ్మా" అన్నారు.

"లేవకండి" అన్నాను. "అలా పడుకునే వినండి."